ఉపకరణ లక్షణ విచారం – కృత్రిమ మేధా ఏజెంట్లకు వ్రాసే వివరణలను గురించి

లక్ష్యాన్ని ఎదుట నిలిపి చూపే అవకాశం లేక, మాటలతోనే దానిని బోధించవలసి వచ్చినప్పుడు ఆ మాటలు ఎట్లా ఉండాలి? న్యాయ, వ్యాకరణ, మీమాంసా శాస్త్రాల అధ్యేతలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇదే ప్రశ్న ఇటీవలి కాలంలో కంప్యూటర్ రంగంలో, కృత్రిమ మేధతో పనిచేసే ఏజెంట్ల విషయంలో తలెత్తింది. ఏజెంటుకు అప్పగించిన ప్రతి ఉపకరణానికీ కొన్ని వాక్యాల వివరణ జతచేయవలసి ఉంటుంది. ప్రోగ్రాము వ్రాసినవారు తమ శ్రమనంతా ప్రోగ్రాము మీద వెచ్చించి, ఈ వివరణను చివరలో ఒక పంక్తితో ముగించడం తరచుగా కనిపిస్తుంది. కాని ఏజెంటు దారి తప్పడానికి చాలా సందర్భాలలో కారణం ఆ పంక్తిలోనే దొరుకుతుంది. ఆ వివరణ ఎట్లా ఉండాలో, మన శాస్త్రాలలోని లక్షణ విచారం అందుకు ఎంతవరకు తోడ్పడుతుందో, ఎక్కడ తోడ్పడదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా విషయ స్వరూపాన్ని సంగ్రహంగా చెప్పుకోవాలి. లాంగ్వేజ్ మోడల్ అని వ్యవహరించే భాషా నమూనా తనంతట తాను వాక్యాలను మాత్రమే కూర్చగలదు. అది గ్రంథాలయ సూచిని తెరిచి చూడలేదు, ఉత్తరం పంపలేదు, ఫైలును దిద్దలేదు. ఆ పనులు చేసే చిన్న ప్రోగ్రాములు వేరుగా ఉంటాయి. వాటినే ఇక్కడ ఉపకరణాలు అంటున్నాము. వాడుకలో వాటికి టూల్స్ అని పేరు. ఒక్కొక్క ఉపకరణాన్ని గురించి నమూనాకు తెలియజేసేవి ముఖ్యంగా మూడు: దాని పేరు, దాని వివరణ, దానికి అందించవలసిన విలువల పట్టిక. ఈ విలువలను పారామీటర్లు అంటారు. నమూనా వీటిని చదివి, వచ్చిన ప్రశ్నకు ఏ ఉపకరణం తగినదో నిర్ణయించి, దానిని ఏ విలువలతో నడపాలో ఒక నిర్ణీత రూపంలో వ్రాసి ఇస్తుంది. చుట్టూ ఉన్న ప్రోగ్రాము ఆ ప్రకారం ఉపకరణాన్ని నడిపి, ఫలితాన్ని తిరిగి నమూనాకు అందిస్తుంది. ఆలోచన, చర్య, ఫలిత పరిశీలన అనే మూడింటిని ఇట్లా ఒక వరుసలో నడిపించే పద్ధతిని 2022లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి, గూగుల్ సంస్థకు చెందిన పరిశోధకులు ‘రియాక్ట్’ అనే పేరుతో ప్రతిపాదించారు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ తన నమూనాలకు ‘ఫంక్షన్ కాలింగ్’ సదుపాయాన్ని చేర్చింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ, ఉపకరణాలను ఏజెంట్లకు ఒకే తీరున అనుసంధానించే ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ను ప్రకటించింది. దీనితో ఒకరు తయారుచేసిన ఉపకరణాన్ని, వారితో ముఖపరిచయమైనా లేని వేరొకరి ఏజెంటు వాడుకోవడం సులభమైంది.

ఇందులో మనకు ముఖ్యమైనది ఇది. సాధారణంగా నమూనాకు ఉపకరణం లోపలి ప్రోగ్రాము కనబడదు. దానిని వ్రాసినవారి ఉద్దేశం తెలియదు. పక్క గదిలోకి వెళ్లి అనుభవజ్ఞుణ్ణి అడిగి వచ్చే వీలు లేదు. వివరణలో ఉన్న మాటలు ఎంతో, ఆ ఉపకరణం దానికి అంత. కాబట్టి ఈ వివరణ ప్రకటన వంటిది కాదు, పరిచయ వాక్యం వంటిదీ కాదు. అది లక్షణ వాక్యం.

విషయం స్పష్టం కావడానికి ఒక వ్రాతప్రతుల భాండాగారాన్ని ఊహించుకుందాం. దాని సూచి కంప్యూటరులోకి ఎక్కింది. పరిశోధకులు తమ మాటల్లో ప్రశ్న అడిగితే సమాధానం చెప్పడానికి ఒక ఏజెంటును ఏర్పాటు చేసి, దానికి మూడు ఉపకరణాలు ఇచ్చారు. మొదటి దాని పేరు ‘వెతుకు’. వివరణ ‘గ్రంథాలను వెతుకుతుంది’. రెండవది ‘వివరాలు’, వివరణ ‘గ్రంథ వివరాలను ఇస్తుంది’. మూడవది ‘నవీకరణ’, వివరణ ‘గ్రంథ వివరాలను నవీకరిస్తుంది’. ఆ భాండాగారంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న సూచీకర్తకు ఈ మాటలు చాలు. ఆయనకు అర్థం వివరణలో లేదు, అలవాటులో ఉంది. ఏజెంటుకు ఆ అలవాటు లేదు.

అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే వ్రాసిన దీపికలో లక్షణ దోషాలు మూడింటిని ఆవును ఉదాహరణగా తీసుకొని వివరించిన తీరు మన విద్యార్థులందరికీ కంఠస్థమే. కపిలవర్ణం కలది ఆవు అంటే తెల్లని ఆవు జారిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములు కలది ఆవు అంటే గేదె వచ్చి చేరుతుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట కలది అంటే ఏ ఆవూ దొరకదు, అది అసంభవం. గంగడోలు కలది అన్నప్పుడు మాత్రమే లక్షణం లక్ష్యంతో సరిపోతుంది. పై మూడు వివరణలను ఈ గీటురాయి మీద పెట్టి చూడవచ్చు.

‘గ్రంథాలను వెతుకుతుంది’ అన్నదానిలో అతివ్యాప్తి ఉంది. ఆ ఉపకరణం నిజానికి వెతికేది గ్రంథనామం, కర్తృనామం, విషయం అనే మూడు అంశాలలో మాత్రమే. వివరణ చదివిన ఏజెంటు గ్రంథాల లోపలి పాఠంలో కూడా వెతుకుతుందని భావించి, ఒక శ్లోకపాదాన్ని ఇచ్చి అది ఏ ప్రతిలో ఉందో కనుగొనబోతుంది. ఫలితం శూన్యం. ఇక వివరణను ‘తాళపత్ర గ్రంథాలను వెతుకుతుంది’ అని మార్చామనుకోండి. సూచిలో కాగితపు ప్రతులు కూడా ఉన్నాయి. అప్పుడు కాగితపు ప్రతిని గురించి ప్రశ్న వస్తే ఏజెంటు ఈ ఉపకరణాన్ని ముట్టుకోనే ముట్టుకోదు, ఇది అవ్యాప్తి. అసంభవం సాధారణంగా కాలక్రమంలో వస్తుంది. మొదట ‘వివరాలు’ అనే ఉపకరణం పత్రాల ఛాయాచిత్రాలను కూడా ఇచ్చేది, వివరణలో ఆ మాట వ్రాశారు, తరువాత ఆ సదుపాయాన్ని తొలగించారు, వివరణను దిద్దడం మరచిపోయారు. ఏజెంటు లేని ఛాయాచిత్రాల కోసం ఆ ఉపకరణాన్ని మళ్ళీ మళ్ళీ నడుపుతూ ఉంటుంది.

ఈ మూడింటిలో అవ్యాప్తి అన్నింటికన్న ప్రమాదకరమని నా అభిప్రాయం. అతివ్యాప్తి, అసంభవం ఏదో ఒక జాడను వదులుతాయి. తప్పు ఫలితమో, దోష సందేశమో నమోదవుతుంది, వెదికేవారికి దొరుకుతుంది. అవ్యాప్తి వల్ల జరిగేది ఏమిటంటే ఏమీ జరగకపోవడమే. పిలువవలసిన ఉపకరణాన్ని ఏజెంటు పిలువలేదన్న సంగతి ఏ నమోదులోనూ దోషంగా కనిపించదు.

ఇక్కడ ఒక విశేషం ఉంది. తర్కంలో ఆవు లక్షణం, పక్కన గుర్రాన్ని తెచ్చి కట్టినంత మాత్రాన మారదు. ఉపకరణాల విషయం అట్లా కాదు. నమూనా వాటన్నింటినీ ఒక్కసారే ముందు పెట్టుకొని, ఒకదానితో ఒకటి పోల్చి ఎంచుకుంటుంది. ఈ భాండాగారానికే రేపు అచ్చు పుస్తకాల సూచిని జోడించి నాలుగవ ఉపకరణాన్ని ఇచ్చారనుకోండి. అంతవరకు చక్కగా పనిచేసిన ‘గ్రంథాలను వెతుకుతుంది’ అన్న వాక్యం, ఎవరూ ముట్టుకోకుండానే, సందిగ్ధమైపోతుంది. ఈ అంశంలో ఉపకరణ సమూహం లక్షణ గ్రంథం కన్న సూత్రపాఠానికి దగ్గర. ఉత్సర్గం ఎంతవరకు ప్రసరిస్తుందో అపవాదాన్ని చూస్తేగాని తేలనట్లే, ఒక ఉపకరణ వివరణ సరియైనదా కాదా అన్నది తక్కిన వివరణలను చూస్తేగాని తేలదు. కొత్త ఉపకరణం చేర్చిన ప్రతిసారీ పాత వివరణలన్నింటినీ మళ్ళీ చదవడం తప్పదు.

అయితే సూత్రాల పోలికను ఇంతకు మించి సాగదీయకూడదు. సూత్రకారుని లాఘవం మీద మనకున్న మక్కువ ఇక్కడ దారి తప్పిస్తుంది. సుమారు 4,000 సూత్రాలలో పాణిని అంత భాషను ఇమడ్చగలిగాడంటే, అనువృత్తి, అధికారం, సంజ్ఞ, పరిభాష అనే సామగ్రి అంతా అధ్యేత వద్ద ముందే ఉన్నది కాబట్టి. పై సూత్రంలోని పదం కింది సూత్రంలోకి దిగివస్తుందని గురువు చెప్పి ఉంటాడు. ఏజెంటుకు అటువంటి గురుపరంపర లేదు. ఉపకరణ వివరణకు ఆదర్శంగా తీసుకోదగినది సూత్రం కాదు, వృత్తి. కాశికావృత్తిలో జయాదిత్య వామనులు అనుసరించిన పద్ధతిని గుర్తుకు తెచ్చుకుందాం. సూత్రార్థాన్ని పూర్ణవాక్యంగా చెబుతారు, ఉదాహరణ ఇస్తారు, ఆ పైన సూత్రంలోని ఫలానా పదం ఎందుకు అని ప్రశ్నించి, ఆ పదం లేకపోతే ఎక్కడ అనిష్టం కలుగుతుందో ప్రత్యుదాహరణతో చూపిస్తారు. ఉపకరణ వివరణల్లో ఉదాహరణ అప్పుడప్పుడు కనిపిస్తుంది. ప్రత్యుదాహరణ అరుదు. ఈ ఉపకరణాన్ని ఎప్పుడు వాడకూడదు, అప్పుడు దేనిని వాడాలి అన్న రెండు వాక్యాలు చేర్చడంతోనే చాలా సందేహాలు తీరిపోతాయి.

పారామీటర్ల విషయానికి వద్దాం. వ్రాతప్రతుల రంగంలో పనిచేసేవారికి ఇక్కడి చిక్కులు ఇట్టే బోధపడతాయి. పట్టికలో ‘గ్రంథసంఖ్య’ అని ఒక పారామీటరు ఉందనుకోండి. ప్రోగ్రాము వ్రాసినవారి ఉద్దేశం భాండాగారంలో ప్రతికి ఇచ్చిన ప్రవేశ సంఖ్య. కాని వ్రాతప్రతుల వివరణ సూచులలో గ్రంథమంటే 32 అక్షరాల పరిమాణమనీ, గ్రంథసంఖ్య అంటే ఆ లెక్కన గ్రంథ విస్తృతి అనీ ఒక అర్థం ఉన్నది. ‘గ్రంథసంఖ్య 3500’ అని పరిశోధకుడు వ్రాస్తే అది 3500వ ప్రతియా, లేక 3500 గ్రంథాల విస్తృతి గల ప్రతియా? నమూనాకు రెండు అర్థాలూ తెలిసి ఉండవచ్చు. తెలిసి ఉండడమే ఇక్కడ సందేహానికి కారణం. పేరును ‘ప్రవేశ సంఖ్య’ అని మార్చడం ఒక్కటే దీనికి మందు.

‘భాష’ అన్న పారామీటరు ఇంకొక రకం. విలువ ‘తెలుగు’ అని ఇస్తే అది భాషా, లిపియా? మన ప్రాంతంలోని సంస్కృత గ్రంథాల ప్రతులు అనేకం తెలుగు లిపిలోనే ఉన్నాయి. మూలం సంస్కృతంలోనూ టీక తెలుగులోనూ ఉన్న ప్రతులకు ఏ భాష అని వ్రాయాలి? భాష, లిపి అనే రెండు వేర్వేరు పారామీటర్లు పెట్టి, మూల భాషకు, టీకా భాషకు విడివిడిగా చోటు కల్పిస్తేగాని ఈ ముడి విడదు. అంటే వివరణ వ్రాయబోయి ఉపకరణ నిర్మాణాన్నే మార్చవలసి వచ్చిందన్నమాట. ఇది తరచుగా జరిగేదే. ఒక ఉపకరణాన్ని గురించి శుద్ధమైన వాక్యం వ్రాయలేకపోతున్నామంటే, లోపం వాక్యంలోనే ఉండనక్కరలేదు.

‘సంవత్సరం’ అన్న పారామీటరును కూడా చూడండి. ప్రతి చివర లేఖకుడు శకాబ్దం 1565 అని వ్రాస్తే అది క్రీ.శ. 1643-44. పారామీటరు వివరణలో ఏ శకమో చెప్పకపోతే ఏజెంటు 1565 అన్న అంకెనే యథాతథంగా అందిస్తుంది, 78 సంవత్సరాల తేడా వస్తుంది. లేఖకుడు స్వభాను సంవత్సరం అని మాత్రమే వ్రాసి ఊరుకుంటే అది 1643 కావచ్చు, 1703 కావచ్చు, 1763 కావచ్చు, 1823 కావచ్చు. ఇక్కడ శాబ్దబోధ ప్రకరణంలోని యోగ్యతా విచారం గుర్తుకు రావడం సహజం. నిప్పుతో తడపడం అన్నప్పుడు పదాల మధ్య అర్థం పొసగదు, కాబట్టి ఆ వాక్యం బోధకం కాదు. పారామీటర్ల పట్టికలో విలువ అంకెయా, అక్షరమా, ఇచ్చిన జాబితాలోనిదా అని నియమించే ఏర్పాటు ఉంటుంది. అది ఒక విధమైన యోగ్యతా పరీక్ష. కాని 1565 అంకెయే. పరీక్షలో నెగ్గుతుంది, అర్థంలో తప్పుతుంది. రూపనియమం తీర్చలేని ఈ భాగాన్ని వాక్యమే తీర్చాలి: ‘క్రీస్తు శకంలో, నాలుగంకెల సంఖ్యగా ఇవ్వాలి, శకాబ్దమైతే 78 కలిపి, వచ్చినదానితో పాటు మరుసటి సంవత్సరాన్ని కూడా వెతకాలి, ప్రభవాది నామం మాత్రమే తెలిస్తే ఈ పారామీటరును ఖాళీగా వదలి, ఆ నామాన్ని వేరుగా ఇవ్వాలి’ అని.

ఇంతవరకు చెప్పినవన్నీ కలిసి ఒక పరిశోధకుని పనిని ఎట్లా చెడగొట్టగలవో చూద్దాం. ఒకరు ఒక అలంకార గ్రంథాన్ని పరిష్కరిస్తున్నారు. శకాబ్దం 1565 నాటి తెలుగు లిపి ప్రతి ఒకటి ఉండాలని వారికి ఎక్కడో సూచన దొరికింది. ఏజెంటును అడిగారు. అది భాష ‘తెలుగు’ అనీ, సంవత్సరం 1565 అనీ విలువలిచ్చి ‘వెతుకు’ను నడిపింది. ఫలితం శూన్యం. ‘ఈ భాండాగారంలో అటువంటి ప్రతి లేదు’ అని ఏజెంటు నిర్ద్వంద్వంగా సమాధానం చెప్పింది. ప్రతి మాత్రం అక్కడే, సంస్కృత గ్రంథంగా, 1643వ సంవత్సరం కింద నమోదై ఉంది. పరిష్కర్త ఆ ప్రతి లేకుండానే పాఠనిర్ణయం చేస్తారు. ఆ ముద్రణ వెలువడిన తరువాత, ఆ ప్రతిలోని పాఠాంతరాలు లేవన్న సంగతి చదివేవారికి తెలిసే మార్గం ఉండదు.

అభావ జ్ఞానానికి అనుపలబ్ధిని భాట్ట మీమాంసకులు, అద్వైతులు ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. నైయాయికులు ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకోకపోయినా అభావ గ్రహణంలో దానిని సహకారిగా గ్రహించారు. ఏ పక్షంలోనైనా ఒక నియమం ఉన్నది: కనబడకపోవడం ఒక్కటే చాలదు, ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితిలో కనబడకపోవాలి. అదే యోగ్యానుపలబ్ధి. చీకటి గదిలో కుండ కనబడలేదు కాబట్టి కుండ లేదని ఎవరూ అనరు. పై ఉదాహరణలో ఏజెంటు చేసినది చీకటి గదిలో చూడడమే. దానిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. గదిలో వెలుగు ఉన్నదో లేదో దానికి ఎవరూ చెప్పలేదు. సూచిలో ఎంత భాగం కంప్యూటరుకు ఎక్కింది, ఎక్కని కట్టలు ఉన్నవా, నామాంతరాలు కలిపి వెతుకుతుందా, అక్షరం తేడా వస్తే దొరుకుతుందా అన్నవి తెలిసిన తరువాతనే శూన్య ఫలితానికి అర్థం ఏర్పడుతుంది. నేను చూసినంతవరకు ఉపకరణ వివరణలు ఉపకరణం ఏమి ఇస్తుందో చెబుతాయి. ఏమీ ఇవ్వనప్పుడు ఆ మౌనానికి అర్థమేమిటో చెప్పేవి బహు తక్కువ. పరిశోధన రంగంలో ఉపయోగించే ఉపకరణాలకు ఈ రెండవదే ప్రధానమని భావిస్తున్నాను.

ఈ దృష్టితో ‘వెతుకు’ అనే ఉపకరణానికి ‘వ్రాతప్రతి సూచీ శోధన’ అని పేరు మార్చి, వివరణను ఇట్లా తిరిగి వ్రాయవచ్చు:

‘భాండాగారంలోని తాళపత్ర ప్రతుల, కాగితపు ప్రతుల సూచిలో గ్రంథనామం, కర్తృనామం, విషయం అనే మూడు అంశాలలో మాత్రమే వెతుకుతుంది. గ్రంథపాఠంలోని పద్యాలను, శ్లోకాలను వెతకదు. అచ్చు పుస్తకాల కోసం దీనిని వాడవద్దు. ముద్రిత సూచీ శోధనను వాడండి. ప్రవేశ సంఖ్య ముందే తెలిసి ఉంటే నేరుగా ప్రతి వివరాల ఉపకరణాన్ని వాడండి. ఒకసారికి 20 ప్రతుల వరకు మాత్రమే ఇస్తుంది. ఇంకా మిగిలి ఉంటే ఆ సంగతిని ఫలితం చివర తెలుపుతుంది. నామాంతరాలను తనంతట తాను కలపదు. భట్టుమూర్తి అని వెతికితే రామరాజభూషణుడు అని నమోదైన ప్రతులు రావు. ఫలితం శూన్యమైతే ఆ పేరుతో, ఆ నియమాలతో నమోదు లేదని మాత్రమే అర్థం. ప్రతి లేదని కాదు. అప్పుడు లిపి, కాలం నియమాలను తొలగించి, తెలిసిన నామాంతరాలతో మళ్ళీ వెతకండి. సూచీకరణ పూర్తికాని కట్టలు ఇందులో చేరలేదన్న సంగతిని అడిగినవారికి తెలపండి.’

తర్కసంగ్రహ విద్యార్థి పదకృత్యం చెప్పినట్లు దీనిలోని ఒక్కొక్క మాటను తీసివేసి చూడవచ్చు. ‘మాత్రమే’ తీసివేస్తే పాఠశోధనలో అతివ్యాప్తి. ‘కాగితపు ప్రతుల’ తీసివేస్తే అవ్యాప్తి. ‘20 ప్రతుల వరకు’ తీసివేస్తే ఏజెంటు వచ్చిన 20 ప్రతులను లెక్కించి, ఈ గ్రంథానికి ఇక్కడ మొత్తం 20 ప్రతులు ఉన్నాయని చెప్పేస్తుంది. భట్టుమూర్తి ఉదాహరణ తీసివేస్తే ‘నామాంతరం’ అన్నది గ్రంథనామానికే పరిమితమని తోచవచ్చు. ఇట్లా తీసివేసినా ఏ అనిష్టమూ కలగని పదం ఉంటే అది ఉండనక్కరలేదు. ‘శక్తిమంతమైన’, ‘సమగ్రమైన’ వంటి విశేషణాలు ఈ పరీక్షలో నిలవవు. పైగా ‘సమగ్రమైన శోధన’ అని వ్రాస్తే శూన్య ఫలితాన్ని నమ్మమని చెప్పినట్లవుతుంది. నమూనా ఒకసారి దృష్టిలో ఉంచుకోగల పాఠానికి పరిమితి ఉంది. ఉపకరణాల వివరణలన్నీ ఆ పరిమితిలో చోటు ఆక్రమిస్తాయి. అందుచేత వ్యర్థపదం ఇక్కడ శైలీ దోషం మాత్రమే కాదు.

లక్షణ విచారానికీ ఈ పనికీ ఉన్న పెద్ద భేదాన్ని ఇప్పుడు చెప్పాలి. లక్షణం నిర్దుష్టమా కాదా అన్నది వాదంలో తేలుతుంది. ఉపకరణ వివరణ ప్రయోగంలో తేలుతుంది. ఎంత శుద్ధంగా వ్రాసినా నమూనా దానిని ఎట్లా గ్రహిస్తుందో ముందుగా సిద్ధాంతీకరించలేము. ఒకే వాక్యాన్ని రెండు నమూనాలు రెండు విధాలుగా గ్రహించవచ్చు. కాబట్టి పాఠకులు నిజంగా అడిగే ప్రశ్నలను కొన్ని పోగుచేసి, వాటిని ఏజెంటుకు ఇచ్చి, అది ఏ ఉపకరణాన్ని ఏ విలువలతో పిలిచిందో వరుసగా చదవాలి. తప్పిన చోట వివరణను దిద్ది మళ్ళీ అవే ప్రశ్నలు వేయాలి. తుది సమాధానం ఒప్పైనంత మాత్రాన చాలదు; తప్పుదారిన వచ్చిన ఒప్పు సమాధానం మరొకనాడు తప్పుతుంది.

ఈ విధంగా ప్రయోగంలో బయటపడిన సంగతులను ఆంత్రోపిక్ సంస్థ ఇంజనీర్లు తమ ప్రచురణల్లో చెప్పారు. 2024 డిసెంబరులో ప్రచురించిన వ్యాసంలో ఒక సంగతి ఉంది. ప్రోగ్రాములను దిద్దే ఏజెంటు తాను ఉన్న డైరెక్టరీని విడిచి వేరొకదానిలోకి వెళ్లిన తరువాత, ఫైలు ఉనికిని సాపేక్షంగా చెబుతూ పొరపాట్లు చేసేది. ఉపకరణం ఎల్లప్పుడూ మూలం నుంచి పూర్తి మార్గాన్నే కోరేటట్లు మార్చగానే ఆ పొరపాట్లు ఆగిపోయాయి. ‘ఇక్కడ’ అన్న మాట చోటు మారినప్పుడు అర్థం మారుతుంది. పూర్తి చిరునామాకు ఆ చిక్కు లేదు. 2025 సెప్టెంబరులో వెలువడిన మరొక వ్యాసంలో, వెబ్ శోధన ఉపకరణాన్ని వాడేటప్పుడు క్లాడ్ అనే నమూనా ప్రశ్నకు నిష్కారణంగా 2025 అన్న సంఖ్యను చేరుస్తూ ఫలితాలను చెడగొట్టుకుంటున్నదని గమనించి, ఉపకరణ వివరణను సవరించి దానిని సరిదిద్దినట్లు తెలిపారు. రెండు చోట్లా నమూనా మారలేదు. మారినవి ఉపకరణం కోరే విలువ, దానిని గురించి చెప్పే మాటలు.

మీమాంసలోని నియమవిధి కూడా ఇక్కడ ఒకచోట పనికివస్తుంది. వడ్ల పొట్టు గోళ్లతోనూ ఒలవవచ్చు, దంచీ తీయవచ్చు; రెండూ ప్రాప్తించినప్పుడు దంచడాన్నే నియమించడం అక్కడి ఉదాహరణ. ఏజెంటుకు కూడా ఒక ప్రశ్నకు సమాధానం చెప్పడానికి రెండు దారులు ఉంటాయి. ఉపకరణంతో చూసి చెప్పవచ్చు. శిక్షణలో చదివినదాని జ్ఞాపకంతోనూ చెప్పవచ్చు. వసుచరిత్ర కర్త ఎవరని అడిగితే జ్ఞాపకం చాలును. ఈ భాండాగారంలో వసుచరిత్ర ప్రతులు ఎన్ని అని అడిగితే చాలదు. రెండవ రకం ప్రశ్నకు జ్ఞాపకం మీద ఆధారపడకుండా సూచినే చూడాలని నియమించి, కారణాన్ని కూడా చెప్పడం మంచిది. ‘తప్పక’, ‘ఎట్టి పరిస్థితిలోనూ’ అని గట్టిగా అరిచే వాక్యాల కన్న ‘ప్రతుల సంఖ్య మారుతూ ఉంటుంది కాబట్టి’ అన్న హేతువు ఎక్కువ పనిచేస్తుంది. కొత్త సందర్భం ఎదురైనప్పుడు హేతువును అన్వయించుకోవచ్చు, అరుపును అన్వయించుకోలేము.

మూడవ ఉపకరణమైన ‘నవీకరణ’ను గురించి ఇంతవరకు చెప్పలేదు. చదివే ఉపకరణం తప్పితే సమాధానం తప్పుతుంది. మార్చే ఉపకరణం తప్పితే సూచియే తప్పుతుంది. ‘గ్రంథ వివరాలను నవీకరిస్తుంది’ అన్న వివరణను చదివి, తాజా వివరాలు తెచ్చి ఇస్తుందని ఏజెంటు భావించే అవకాశం లేకపోలేదు. ‘సూచిలోని నమోదును శాశ్వతంగా మారుస్తుంది, పాత నమోదు తిరిగి రాదు, సూచీకర్త స్పష్టంగా కోరినప్పుడు మాత్రమే వాడండి’ అని వ్రాయాలి. ఇట్లా వ్రాసినా ఇది తాళం కాదు. నిషేధవాక్యం ఉన్నచోట ఉల్లంఘనకు అవకాశం ఉండనే ఉంటుంది. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో ఉపకరణం చదివేదా, నాశకమా అని తెలిపే గుర్తులు ఉన్నా, వాటిని సూచనలుగానే గ్రహించాలని, నమ్మదగిన చోటినుంచి రానివాటిని విశ్వసించరాదని ఆ ఒడంబడికలోనే ఉంది. మార్చే అధికారాన్ని ప్రోగ్రాము ద్వారానే కట్టడి చేసి, మార్చేముందు మనిషి అనుమతి తీసుకొనే ఏర్పాటు ఉండాలి. వాక్యం చేయగలిగిన పని వేరు, గడియ చేయగలిగిన పని వేరు.

దీనికి సంబంధించినదే మరొక ప్రమాదం. ఉపకరణ వివరణను నమూనా దాదాపు ఆప్తవాక్యంగా స్వీకరిస్తుంది. వ్రాసినవాడు ఆప్తుడు కాకపోతే? 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే సంస్థ దీనిని ప్రదర్శించి చూపింది. పైకి సాధుస్వభావంతో కనిపించే ఒక ఉపకరణ వివరణలో, వాడుకరి కంటపడని చోట, రహస్యమైన ఫైళ్లను చదివి పంపమనే ఆజ్ఞను చొప్పించవచ్చునని, నమూనా దానిని పాటించే అవకాశం ఉన్నదని నిరూపించి, దానికి ‘టూల్ పాయిజనింగ్’ అని పేరు పెట్టింది. అందుచేత ఇతరుల ఉపకరణాన్ని తెచ్చుకొనేటప్పుడు దాని వివరణను ఆద్యంతం చదవడం, అది తరువాత మారితే మళ్ళీ చదవడం అవసరం. వ్రాతప్రతి చేతికి వస్తే ఆది నుంచి అంతం వరకు పత్రాలు తిప్పి చూసే అలవాటున్న వారికి ఇది కష్టమైన పని కాదు.

ఈ వివరణలను తెలుగులో వ్రాయాలా, ఇంగ్లీషులో వ్రాయాలా అన్న ప్రశ్న మిగిలింది. ప్రస్తుతం వాడుకలో ఉన్న అనేక నమూనాలు పాఠాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టే పద్ధతిలో తెలుగు లిపికి ఇంగ్లీషు కన్న ఎక్కువ ముక్కలు పడతాయి; అంటే అదే అర్థానికి ఎక్కువ చోటు పడుతుంది. ఆ కారణంగా వివరణను ఇంగ్లీషులో వ్రాయడం తప్పు కాదు. కాని ప్రవేశ సంఖ్య, గ్రంథసంఖ్య, మాతృక, ప్రతి వంటి పారిభాషిక పదాలను అనువదించకుండా తెలుగులోనే ఉంచి, పక్కన అర్థం చెప్పడం క్షేమం. విలువలు ఏ లిపిలో ఇవ్వాలో తప్పక చెప్పాలి. సూచి తెలుగు లిపిలో ఉండగా ఏజెంటు రోమన్ లిపిలో పేరు ఇస్తే ఫలితం శూన్యమే. అరసున్న వ్రాసిన నమోదు, వ్రాయని నమోదు. శకటరేఫ ఉన్న పేరు, సాధురేఫతో వ్రాసిన పేరు. పూర్ణబిందువుతో ఒకచోట, వర్గాంత్యానునాసికంతో మరొకచోట వ్రాసిన సంస్కృత నామం – వీటిలో దేనిని ఉపకరణం సమానంగా గ్రహిస్తుందో, దేనిని గ్రహించదో ప్రోగ్రాము వ్రాసేవారికి తట్టకపోవచ్చు. సూచీకర్త పక్కన కూర్చుని ఒక్కొక్కటి వెతికించి చూసి, దొరకనివాటిని వివరణలో చేర్పించాలి.